సముద్రం దారి మూసిన మధ్యాహ్నం

బతికున్నన్నాళ్ళూ సాకేత్ ఇంగ్లండు వెళ్ళాలనే అంటుండేవాడు. అక్కడ ఉత్తరాన సముద్రపుటొడ్డు పొడుగునా పాతకాలపు కోటలూ మఠాలూ కూలిపోయి ఉన్నాయట. వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోవాలని అతని కోరిక. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో కొత్తగా లేచే ఇళ్ళను తనిఖీ చెయ్యడం అతని ఉద్యోగం. పొద్దస్తమానం తడి సిమెంటు వాసన పీల్చేవాడికి మొండిగోడల మీద ఆ మోజేమిటో తల్లి అలివేలుకు అంతుపట్టేది కాదు.

“మన వీధికి పట్టుమని పదేళ్ళు లేవమ్మా. వందల ఏళ్ళ గోడని ఒక్కసారి చేత్తో ముట్టుకోవాలి,” అనేవాడు.

ఆ ముచ్చట తీరనే లేదు. ఒక ఆదివారం క్రికెట్ ఆడుతూ గుండె పట్టుకుని మైదానంలో కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో అత్తా కోడళ్ళిద్దరే మిగిలారు. కోడలు కిరణ్మయి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి తిండి మానేసి పడుకుంటే అలివేలే అన్నం కలిపి నోట్లో పెట్టేది. అలివేలు ఏడుస్తుంటే కోడలు వచ్చి పక్కన పడుకునేది. సంవత్సరీకం పెట్టాక కిరణ్మయే అంది, సాకేత్ అనుకున్న ట్రిప్ మనం వేద్దామని. ఈ మోకాళ్ళతో తానెక్కడికి రాగలనని అలివేలు గొణిగింది కానీ, కొడుకు చూడాలనుకున్నవి చూడకుండా ఉండలేకపోయింది.

మొదట చూసిన కోట గట్టు మీద ఒంటరిగా ఉంది. గొర్రెలు మేసే గడ్డిలో, ఈడ్చికొట్టే గాలిలో కోడలి భుజం పట్టుకుని నడిచింది అలివేలు. చివరికి మిగిలింది రెండు విరిగిన బురుజులు, వాటి మధ్య గుమ్మం. ఆవిడ గోడ మీద అరచెయ్యి ఆనించింది. రాయి చల్లగా, చెమ్మగా ఉంది.

“ముట్టుకున్నాన్రా నాన్నా,” అంది మెల్లిగా.

కిరణ్మయి మొహం తిప్పుకుంది.

మర్నాడు లిండిస్‌ఫార్న్ అనే దీవికి వెళ్ళారు. ఆ దీవికి కారు దారి సముద్రపు నేల మీదుగానే. పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు దారిని ముంచేస్తాయి, ఆటుకి మళ్ళీ తేలుతుంది. దీవిలో ఒకప్పటి సన్యాసుల మఠం ఉంది. కప్పు లేదు, గోడలు సగం లేవు. అలివేలు ఒక రాతి మీద కూర్చుంది. ఫోన్ మోగడంతో కిరణ్మయి ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళింది.

ఎంతసేపటికీ రాలేదు. చలికి తాళలేక అలివేలే వెతుక్కుంటూ వెళ్ళింది. గోడ చాటున నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది కిరణ్మయి. నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. అత్తగారిని చూడగానే అది ఆరిపోయింది.

కారులో దీవి ఒడ్డుకి చేరేసరికి దారి మునిగిపోయింది. నీళ్ళు తగ్గేదాకా ఆగాల్సిందేనని అక్కడున్నవాళ్ళు చెప్పారు. కారులోనే కూర్చున్నారు. ఎవరితో అంతసేపని అలివేలు అడగలేదు. కిరణ్మయే నోరు విప్పింది.

“అత్తయ్యా, సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో, భార్గవ్ అని ఉన్నాడు. డివోర్సీ. మా కజిన్ పరిచయం చేసింది. పెళ్ళి చేసుకుందామన్నాడు. నేను ఓకే అన్నాను.”

అలివేలు నీళ్ళకేసి చూసింది. దారి పక్కన పాతిన గుంజలు మాత్రమే పైకి కనబడుతున్నాయి.

“వాడు చూడాలనుకున్న చోటికి తీసుకొచ్చి చెప్పాలా ఈ మాట?”

“ఇంట్లో చెప్పలేకపోయాను అత్తయ్యా. ఎటు చూసినా తనే ఉన్నాడు.”

కోడలి మీద కోపమా అంటే అదీ కాదని అలివేలుకు తెలుసు. కన్నకూతురైతే తనే దగ్గరుండి చేసేది. కానీ ఇన్నాళ్ళూ ఆ దుఃఖాన్ని ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మోశారు. ఇప్పుడా పిల్ల తన కొసని కింద పెడుతోంది. మొత్తం బరువు తనొక్కతే ఎత్తుకోవాలి. అదీ ఆవిడ భయం.

పొద్దు వాలుతుండగా నీళ్ళు వెనక్కి తగ్గాయి. నాచు కప్పుకుని దారి బయటపడింది. కిరణ్మయి కారు తియ్యబోతుంటే అలివేలు అడిగింది.

“ఆ అబ్బాయి పెట్టింది తింటాడా, వంకలు పెడతాడా?”

కిరణ్మయి స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చింది. అలివేలు వీపు నిమిరింది. వెనకున్న కారు హారన్ కొట్టేదాకా వాళ్ళు కదల్లేదు.

మిగిలిన శిథిలాలన్నీ అనుకున్నట్టే చూశారు. ప్రతి చోటా అలివేలు గోడ ముట్టుకుంది. ప్రతి చోటా కిరణ్మయి పక్కన నిలబడింది.

పెళ్ళి మెల్‌బోర్న్‌లోనే, కేరమ్ డౌన్స్ గుళ్ళో, పది మంది మధ్య జరిగింది. కోడలికి చీర కుచ్చిళ్ళు అలివేలే సర్దింది. భార్గవ్ మంచివాడిలాగే ఉన్నాడు. తమతో వచ్చి ఉండమనీ, ఆంటీ కోసమని కింద గది కూడా సిద్ధం చేయించాననీ వంగి చెప్పాడు. అలివేలు నవ్వి ఊరుకుంది. తర్వాత కిరణ్మయిని పక్కకి పిలిచింది.

“నేనొస్తే నాతో పాటు వాడూ వస్తాడమ్మా ఆ ఇంట్లోకి. నువ్వు పడలేవు.”

కాదని కిరణ్మయి అంటుందేమోనని ఆవిడ ఒక్క క్షణం ఆగింది. కిరణ్మయి అనలేదు. అత్తగారి చెయ్యి మాత్రం వదల్లేకపోయింది.

ప్రతి ఆదివారం ఫోన్ వస్తుంది. మొదట్లో మాటకి ముందు ఒకసారి, వెనక ఒకసారి సాకేత్ పేరు వచ్చేది. పోగాపోగా తగ్గింది. ఒక ఆదివారం కొత్త ఇంటి కబుర్లన్నీ చెప్పి, మోకాళ్ళ నొప్పుల గురించి అడిగి, ఆ పేరు ఎత్తకుండానే కిరణ్మయి ఫోన్ పెట్టేసింది. అలివేలు తప్పు పట్టలేదు. వంటింట్లో నిలబడి, ఇంట్లో ఎవరో ఒకరు అనాలి కదా అని, కొడుకు పేరు తనే ఒకసారి పైకి పలికింది. తర్వాత బియ్యం కడగడానికి కదిలింది.