పైకి తేలేదాకా చెప్పొద్దు

ఆ జలాంతర్గామిలో ఆయన్ని అందరూ చెవిగారనేవారు. దేశం సొంతంగా కట్టుకున్న మొదటి అణు జలాంతర్గామి అది. క్షిపణులు మోసుకుని, ఎవరికీ వినపడకుండా సముద్రం అడుగున తిరగడం దాని ఉద్యోగం. ఏ పంపు గురకపెడుతోందో, ఏ బోల్టు పళ్ళు కొరుకుతోందో విని, దాని నోరు మూయించడం ఆయన ఉద్యోగం. షెడ్డులో అది ఇనుప ఎముకల గూడుగా ఉన్న నాటినుంచీ అదే పని. ఇంట్లో మాత్రం పంపుల కంపెనీ అని చెప్పాడు.

"ఇన్నేళ్ళలో మనింటి కుళాయి ఒక్కటి బాగుచెయ్యలేదు. నీకు జీతం ఎవడిస్తున్నాడ్రా, చెవిటి మాలోకం?" అనేది అక్క. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే.

మొదటి సుదీర్ఘ పరీక్షకు బయల్దేరే ముందు కెప్టెన్ ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు.

"లోపలున్నప్పుడు ఇంటినుంచి చెడ్డ కబురొస్తే చెప్పమంటారా, పైకి తేలేదాకా దాచమంటారా? ఏదైనా సరే, వెనక్కి తిప్పడం మాత్రం కుదరదు."

అక్కకి గుండె ఆపరేషన్ దగ్గరపడింది. విని కూడా ఏమీ చెయ్యలేని మాట వినడమెందుకని, "దాచండి" అన్నాడు చెవిగారు.

అణువంత చోటు లేని అణునౌక. అందరి కాళ్ళకీ మెత్తటి బూట్లు. చెప్పుల్లేవు, చెప్పుకోవడాలూ లేవు. వంటాయన గరిటెలకి కూడా రబ్బరు తొడుగులే. కూర మాడినా ఫరవాలేదు, మూత మోగకూడదు. వారానికోసారి ఇంటినుంచి నాలుగు వాక్యాల కబురొస్తుంది, కెప్టెన్ చూశాకే చేతికందుతుంది. జవాబు పంపితే నౌక ఆచూకీ దొరికిపోతుంది గనక జవాబు ఉండదు. చెవిగారి భార్య కబురు ఎప్పుడూ ఒకేలా ముగిసేది: "చెవిటి మాలోకం తింటున్నాడా అని వదిన అడుగుతోంది."

ఒక వారం ఆ వాక్యం రాలేదు. ఇంటికప్పు కారడం ఉంది, పిల్లదాని పన్నూడడం ఉంది. తర్వాతి వారమూ అంతే. చెవిగారు కాగితం వెనకవైపు కూడా తిప్పి చూశాడు. నడుస్తున్న పంపు చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే అర్థమేమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

కెప్టెన్ గదికి వెళ్ళాడు.

"మనసు మార్చుకున్నాను సార్. చెప్పెయ్యండి."

"కుదరదు చెవిగారూ."

"పోనీ, ఏమీ లేదని చెప్పండి, చాలు."

"ఇవాళ మీకు లేదని చెప్పాననుకోండి. రేపు ఇంకొకడు అడిగితే నోరు మూసుకున్నాననుకోండి. వాడికి చెప్పేసినట్టే కదా? అందుకే ఎవరికీ ఏదీ చెప్పను."

ఆ తర్వాత చెవిగారు పంపుల మధ్యే కాలం గడిపాడు. భుజం భుజం రాసుకునేంత ఇరుకులో, ఒక్క మాట అడగడానికి మనిషి లేడు. యంత్రాలు మాత్రం పొద్దస్తమానం ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాయి.

"నౌక మునిగింది చాలదా, మీరు కూడా మునగాలా?" అన్నాడు వంటాయన, తినకుండా వదిలేసిన పళ్ళెం చూసి. "అలక నా వంట మీదా, నా మొహం మీదా?"

"ఆకలి లేదయ్యా."

"అయితే నా మొహమే."

పరీక్ష గట్టెక్కింది. నౌక పైకి తేలింది. పైమూత తెరిచే ముందు కెప్టెన్ నడవలోకి వచ్చాడు. కబురున్నవాడి భుజం మీద చెయ్యేసి తన గదికి తీసుకెళ్ళడం పద్ధతి. అందరూ నేల చూస్తూ నిలబడ్డారు. మెత్తటి బూట్లు ఎంతవరకు వచ్చాయో చెవిగారికి కూడా వినపడలేదు.

బూట్లు ఆయన్ని దాటాయి. చెయ్యి వంటాయన భుజం మీద పడింది.

"రా నాన్నా," అన్నాడు కెప్టెన్.

కబురు చెవిగారికి కాదు; ఆ వాక్యం రానిది అక్క ఆసుపత్రిలో ఉండబట్టే అయ్యుంటుంది. అక్క ఉంది. ఆ రెండు మాటలూ ఎవరి చెవిలోనైనా వెయ్యాలనిపించింది. కానీ మూసుకున్న కెప్టెన్ గది తలుపు వైపే అందరూ చూస్తున్నారు. పైన మూత తెరుచుకుంది, ఉప్పుగాలి దిగింది. జనం నిచ్చెన ఎక్కుతుంటే, ఆయన వంటగదిలోకి వెళ్ళి ఉడుకుతున్న పప్పు కలపసాగాడు.

కాసేపటికి వంటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీకేం లేదుగా?"

"లేదు."

"మంచిది. పైకెళ్ళండి, గాలొస్తోంది. నేను చూసుకుంటాను."

చెవిగారు కదల్లేదు. నోరు తెరిస్తే గొంతులోని సంతోషం ఎక్కడ బయటపడుతుందోనని, పప్పు మీదనుంచి తలెత్తలేదు.