ఇద్దరి బల్లకు రెండు ముక్కలు

ఫర్నిచర్ షాపు మేడ మీద గదిలో కూర్చుని ఆమె పొద్దున్నుంచీ ఒకే ఫోటోను చూస్తోంది. ఇద్దరికి సరిపోయే చిన్న భోజనాల బల్ల. ఒక కుర్చీ బల్ల కిందికి జరిపి ఉంది. రెండోది కాస్త బయటికి లాగి ఉంది, ఎవరో ఇప్పుడే వచ్చి కూర్చోబోతున్నట్టు. షాపు పేజీలో అలాంటి ఫోటోల కింద రెండు ముక్కలు రాయడమే ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందైతే కాఫీ చల్లారేలోపు ఎడాపెడా రాసిపారేసేది. ఇప్పుడు 'మా కొత్త బల్ల' దగ్గరే బండి ఆగిపోయింది. ఆ కుర్చీ మీదికి మనసు పోతోంది గానీ మాట మాత్రం రావడం లేదు.

పెళ్లి ముచ్చట తీరకుండానే ఆయన లిఫ్టులు బిగించే పని మీద వేరే ఊరు వెళ్లాడు. అద్దె ఇల్లు ఆమె ఒక్కతే వెతికి, ఒక్కతే దిగింది. ఆయన ఇంకా ఆ గుమ్మమే తొక్కలేదు.

"ఏమ్మా పెళ్లికూతురా, బల్లని చూస్తున్నావా, అల్లుడుగార్ని చూస్తున్నావా?" షాపు యజమానురాలు తలుపు దగ్గర నిలబడి నవ్వింది. "సాయంత్రంలోపు పెట్టకపోతే నేనే రాసేస్తా. గట్టి చెక్క, మంచి ధర."

"వద్దు మేడమ్, మీకు దణ్ణం పెడతా! నేనే రాస్తాను."

భోజనం వేళ ఆయనకు ఫోన్ చేసింది. వెనకాల డ్రిల్లు మోత.

"ఏవండీ, బల్ల మీద ఒక్క మాట అందించండి. బుర్ర మొద్దుబారిపోయింది."

"నన్నా అడుగుతున్నావ్? నాకొచ్చిన సాహిత్యమంతా 'తలుపులకు ఆనుకొని నిలబడరాదు' వరకే."

ఆమె పకపకా నవ్వింది.

"అంత బాగుంటే కొనేసుకుందామా?" అన్నాడు.

"మా ఇంట్లో ఎక్కడ పడుతుందండీ! వంటింటి గుమ్మానికి అడ్డమొస్తుంది."

డ్రిల్లు ఆగింది.

"మీ ఇంట్లోనా?" అన్నాడు నవ్వుతూనే. "అయితే నేనొస్తే చుట్టంలా ముందుగదిలో పడుకోవాలేమో."

"అయ్యో, అలవాటులో వచ్చేసిందండీ!"

"తెలుసులే. ఫోటోలైతే బోలెడు పంపావు. ఏ కిటికీ ఎటు తెరుచుకుంటుందో, నువ్వెక్కడ కూర్చుంటావో మాత్రం నాకు తెలీదు. ఎవరిదో ఇల్లు చూస్తున్నట్టుంటుంది." గొంతులో నవ్వు అప్పటికే అడుగంటింది. "సరే, పిలుస్తున్నారు."

ఆమె సగం తిన్న క్యారేజీ మూసేసింది. మళ్లీ తెర ముందు కూర్చుంది. 'మా కొత్త బల్ల.' ఆ 'మా' అన్న ముక్క చదివేవాళ్లను గుమ్మం బయటే నిలబెట్టేస్తోంది, ఆయన్ని నిలబెట్టినట్టే. దాన్ని చెరిపేసి 'మన' అని కొట్టింది. ఇక వేళ్లు ఆగలేదు.

'ఇది మన బల్ల. కంచాలు రెండూ బోర్లించే ఉన్నాయి. కిటికీ వైపు ఎవరు కూర్చోవాలో మీరొచ్చాక పోట్లాడి తేల్చుకుందాం.'

మేడమ్ కళ్లజోడు సర్దుకుని చదివింది. "మనదేమిటమ్మా? కొనకముందు మాది, కొన్నాక వాళ్లది. మధ్యలో ఈ 'మన' ఎక్కణ్ణించి ఊడిపడింది?" మళ్లీ చదివింది. "ఏం రాశావో గానీ, ఇంటికెళ్లి మా ఆయనతో ఓ పోట్లాట పెట్టుకోవాలనిపిస్తోంది. పెట్టెయ్."

ఇంటికి రాగానే ఆమె చెప్పులైనా విప్పకుండా, ఆయనకు పంపిన ఫోటోలన్నీ మళ్లీ తీసింది. ఒక్కొక్కదాని కిందా రాసి పంపసాగింది. మన వంటింటి కిటికీ, లోపలికి తెరుచుకుంటుంది, తల జాగ్రత్త. మన కుళాయి, గట్టిగా తిప్పితే ఏడుస్తుంది. మన ముందుగది, ఇక్కడ గోడకు ఆనుకునే మీకు ఫోన్ చేస్తాను, ఆ నూనె మరక నా తలదే. రాస్తున్నకొద్దీ ఊరుతున్నాయి మాటలు. ఆయన ఒక్కటీ తెరిచి చూడలేదు. ఇంకా పనిలోనే ఉన్నట్టున్నాడు.

చివరికి పడకగది ఫోటో మిగిలింది. దానికి మాత్రం కాసేపు ఆగి రాసింది.

'మన మంచం. ఇటువైపు నేను. అటువైపు దుప్పటి మడత ఇంకా విప్పలేదు.'