మొగిలిరేవు మోగలేదు

నేను ఒక స్క్రిప్టును. చేత్తో పట్టుకుని చూడటానికి నాలో ఏమీ లేదు. కంప్యూటర్ ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా రాసిపెట్టిన కొన్ని ఇంగ్లీషు వాక్యాలను, అంతే. మల్లెవాగు ప్రాజెక్టు కట్ట మీద గేట్ల గది ఉంది. అందులో ఫ్యాను గాలికి దుమ్ము మింగుతూ ఒక పాత కంప్యూటర్ ఉండేది. దాని కడుపులో నేనుండేదాన్ని.

నా పని వినడానికి చిన్నది. గేట్లు ఎత్తితే వాగులోకి నీళ్లు వస్తాయి. వేసవిలో ఎండిన వాగంటే జనానికి సొంత పెరడుతో సమానం. ఇసుకలో పుచ్చ పాదులు పెడతారు, గొర్రెలను దింపుతారు, బట్టలు ఉతుకుతారు, ట్రాక్టర్లకు ఇసుక ఎత్తుతారు. అందుకని గేట్లు ఎత్తడానికి అరగంట ముందు వాగు పొడవునా ఉన్న నాలుగు సైరన్లు మోగాలి. మొగిలిరేవు, కోటగడ్డ, ఎర్రమిట్ట, పాతవంతెన. నీళ్లు వెళ్లేది కూడా ఆ వరసలోనే. అందరికంటే ముందు మొగిలిరేవుకు.

నన్ను నడపాలంటే నా పేరు కొట్టి, పక్కన ఏ సైరన్లు మోగాలో వాటి పేర్లు కొట్టాలి. అలా ఇచ్చే పేర్లను ఆర్గ్యుమెంట్లు అంటారు. నా వరకు అవి అన్నం ముద్దలు. ఏ వరసలో పెడితే ఆ వరసలో తింటాను. పెట్టడం మరిచిపోయినదాని సంగతి నాకు తెలియదు. నాకన్నీ తెలుసని మాత్రం మనుషులకు ఎందుకో గట్టి నమ్మకం.

నన్ను రాసింది నాజియా సుల్తానా. హైదరాబాద్ నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన ఇంజనీరు. టీ తాగుతూ, ఎండను తిట్టుకుంటూ రాసి, దండె లింగమూర్తి చేతిలో పెట్టింది. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

లింగమూర్తి గేట్ల ఆపరేటర్లలో పెద్దవాడు. పైన శ్రీ పెట్టకుండా కాగితం మీద కలం ఆనించని మనిషి. సెలవు చీటీకి శ్రీ, గ్రీజు డబ్బా కావాలన్న చీటీకి శ్రీ, చివరికి గేటు మోటారుకు కూడా సుద్దముక్కతో శ్రీ. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే నా పేరు కొట్టి, ఖాళీ వదిలి, శ్రీ అని కొట్టి, ఆ తర్వాతే రేవుల పేర్లు కొట్టాడు. శ్రీ అనే సైరన్ ఆ వాగు మీద ఎక్కడా లేదు. ఆ సంగతే ఎర్ర అక్షరాలతో చెప్పి ఆగిపోయాను. ఆయన లేచి వెళ్లి, మంచినీళ్లు తాగి, కాసేపు అరుగు మీద కూర్చుని, తిరిగొచ్చి మళ్లీ శ్రీతోనే మొదలుపెట్టాడు. అపశకునమైనప్పుడు మనుషులు చేసే పనే అది. కాసేపు ఆగితే నేనూ సర్దుకుంటానని ఆయన ఆశ.

నాజియా రెండు పూటలు నచ్చజెప్పింది. శ్రీ మనసులో అనుకోమంది. మంచి పనికి పోతూ దేవుణ్ని జేబులో దాచుకోవడం ఏమిటని ఆయన ఎదురడిగాడు. చివరికి ఆమెకే నవ్వొచ్చింది.

"మా దాదీ గూడ గంతే కాకా. పైన ఏడు వందల ఎనభై ఆరు ఎయ్యంది కిరాణం చీటీ గూడ రాయది" అంది.

ఆ సాయంత్రమే నా ఒంట్లో ఒక వరస చేర్చింది. మొదట వచ్చిన ముద్ద ఏదైనా సరే తినకుండా పక్కన పెట్టేయాలి, కాకికి తీసిపెట్టినట్టు. ఆ తర్వాతివే నావి. లింగమూర్తి శ్రీ కొట్టాడు. నేను తీసి పక్కన పెట్టాను. నాలుగు సైరన్లూ మోగాయి. ఆయన గది మొత్తానికి మిఠాయి తెప్పించాడు. కాంట్రాక్టు అయిపోయి నాజియా వెళ్లిపోయింది. నా లోపల ఇలాంటి ఏర్పాటు ఒకటుందని తర్వాతివాళ్లకు ఎవరూ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ తర్వాత నా మీద చాలా చేతులు పడ్డాయి. షిఫ్టుకొకరు వచ్చారు, పోయారు. వాళ్లెవరూ నా పేరు కూడా కొట్టేవారు కాదు. పై బాణం మీట నొక్కితే నిన్న లింగమూర్తి కొట్టిన వరస మొత్తం మళ్లీ తెర మీదికి వస్తుంది. దాన్నే ఒప్పుకుని ఎంటర్ నొక్కేవాళ్లు. అలా ఆయన శ్రీ అందరికీ కలిసొచ్చింది. నాకేమో ఏళ్ల తరబడి అవే ముద్దలు, అదే వరస. విసుగు పుట్టినా చెప్పుకునే నోరు లేదు.

స్వరూప వచ్చేనాటికి పాత కంప్యూటర్ చచ్చింది. నన్ను కొత్తదానిలోకి మార్చారు. నిన్నమొన్న కొట్టిన వరసలన్నీ పాతదానితోనే పోయాయి. స్వరూప ఔట్‌సోర్సింగ్‌లో చేరిన ఆపరేటర్. మొగిలిరేవు అమ్మాయి. తల్లి రాజవ్వ ఆ రేవు ఇసుకలో పుచ్చ పాదులు పెట్టి ఆమెను డిగ్రీ దాకా చదివించింది. లింగమూర్తి ఆమెకు పని నేర్పాడు. ఏ మీట బిగుసుకుంటుందో, ఏ స్విచ్ షాక్ కొడుతుందో, నాకు ఏ పేర్లు పెట్టాలో అన్నీ చెప్పాడు. శ్రీ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. అన్నానికి కూర్చునే ముందు చేయి కడుక్కోవాలని పెళ్లయిన ఆడపిల్లకు ఎవరు చెబుతారు? ఆయన దృష్టిలో అది కమాండులో భాగం కాదు, మర్యాద. పని అప్పగించి, మేనకోడలి పెళ్లికి హన్మకొండ వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మా దగ్గర చుక్క వాన లేదు. ఎండ పెళపెళలాడుతోంది. పైన అడవిలో మాత్రం కుండపోత. పై చెరువులు పొంగి నీళ్లన్నీ మామీదికి వస్తున్నాయని ఏఈ నరహరికి ఫోన్ వచ్చింది. కట్ట దగ్గర నీటిమట్టం చూస్తుండగానే పెరుగుతోంది. సైరన్లు కొట్టి, అరగంట ఆగి గేట్లు ఎత్తమని పైనుంచి ఆర్డరు. నరహరి స్వరూపను కంప్యూటర్ ముందుకు తరిమాడు.

ఆమె ఒంటరిగా నన్ను నడపడం అదే మొదలు. నా పేరు కొట్టింది. అలాంటిదేదీ ఇక్కడ లేదని కంప్యూటర్ చెప్పింది. నేనున్న ఫోల్డరులోకి రాకుండా పక్కింటి ముందు నిలబడి పిలిస్తే నేనెలా పలుకుతాను? ఎర్ర అక్షరాలు కనబడగానే మనుషులు చదవడం మానేస్తారు. వాటిని తిట్లనుకుంటారు. నరహరి కూడా అంతే, పాడైందా పాడైందా అని వెనక నిలబడి నస మొదలుపెట్టాడు. స్వరూప మాత్రం ఆ వాక్యం చదివింది. ఫోల్డరు మార్చుకుని వచ్చింది. ఈసారి రేవుల పేర్ల మధ్య బడిలో నేర్చినట్టు కామాలు పెట్టింది. చివర కామా తగిలించుకున్న కోటగడ్డ నాకు తెలియదని చెప్పాను. నిజానికి మొగిలిరేవుకు కూడా కామా ఉంది. దాన్ని అప్పటికే పక్కన పెట్టేశాను కాబట్టి తప్పు పట్టలేదు. అది ఎవరూ గమనించలేదు.

ఆమె కామాలు తీసేసి, ఖాళీలు వదిలి కొట్టింది. మొదటి పేరు మొగిలిరేవు. తీసి పక్కన పెట్టాను. మిగతా మూడూ మోగించాను. మోగిన మూడు పేర్లూ తెర మీద రాసి, కింద ఆకుపచ్చగా 'సక్సెస్' అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. కానీ రెండుసార్లు ఎరుపు చూసి వచ్చిన మనిషికి పచ్చరంగు కనబడితే, దాని పైన ఏముందో చూసే ఓపిక ఉండదు. నరహరి రుమాలుతో మొహం తుడుచుకుని గేట్ల మోటార్లు చూసుకోవడానికి వెళ్లాడు. స్వరూప నీటిమట్టం లెక్కలు పైకి పంపింది. ఆ పని ముగించుకుని, అప్పుడు తల్లికి ఫోన్ కలిపింది. సైరన్ మోతలో మాట వినబడదేమోనని స్పీకర్ పెట్టింది.

"అవ్వా, కాయలు చూస్కుంట కూసోకు. జల్ది ఒడ్డెక్కు."

"గిప్పుడే బువ్వకు కూసున్న బిడ్డా. ఎందుకెక్కుడు?"

"సైరన్ వినవడ్తలేదా?"

"ఏం సైరన్?"

రాజవ్వ అన్నం నములుతున్న చప్పుడు వినబడింది. ఎక్కడో గొర్రె అరిచింది. అంతకుమించి ఏమీ లేదు. సైరన్ స్తంభం ఆమె గుడిసెకు పిలుపు దూరంలో ఉంది.

స్వరూప ఫోన్‌ను నోటి దగ్గరికి లాక్కుంది. వాగు వస్తోందని, ఉన్నపళంగా లేవమని చెప్పింది. అక్కడ ఇంకా ఎవరెవరున్నారని అడిగింది.

"ఆవలి దిక్కు గొర్లోళ్లు దిగిండ్రు. నడుమ ఇసుక ట్రాక్టర్లున్నయి. ఆ ఇంజన్ల లొల్లిల నా గొంతు గంత దూరం వోతదా? నేనే వోయి చెప్త ఆగు."

"నువ్వు పోకు అవ్వా. పైకెక్కు."

తల్లి వినలేదు. కంచం పక్కకు నెట్టిన చప్పుడు, తర్వాత పరుగు, ఆయాసం. ఒడ్డు వైపు కాదు, వాగు నడుమకు.

అరగంటలో సగానికి పైగా అయిపోయింది. కోటగడ్డలో, ఎర్రమిట్టలో జనం ఎప్పుడో ఒడ్డెక్కారు. నీళ్లు మొదట చేరే రేవులో మాత్రం ఎవరికీ కబురు లేదు. మోటార్ల దగ్గర్నుంచి వచ్చిన నరహరికి అర్థం కాలేదు. తెర మీద సక్సెస్ అని ఉంటే నీ తల్లికి చెవుడేమో చూసుకో అన్నాడు. స్వరూప మొగిలిరేవు ఒక్కదాని పేరే ఇచ్చి నన్ను నడిపింది. ఉన్న ఒక్క ముద్దనూ పక్కన పెట్టాను. ఇక తినడానికి ఏమీ మిగల్లేదు. 'కనీసం ఒక్క సైరన్ పేరైనా ఇవ్వండి' అని రాశాను.

"ఇచ్చిన గదనే" అంది నాతో.

మళ్లీ ఇచ్చింది. మళ్లీ అదే రాశాను. నా లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు. కానీ నాజియా రాసిచ్చిన నాలుగైదు వాక్యాలు తప్ప నాకు ఇంకో మాట రాదు. కాలిపోతున్న ఇంటి ముందు ఒకే పద్యం వచ్చిన చిలకలా అదే పలికాను. అంత అలసట నా జన్మలో ఎరగను.

నరహరి ఫోన్ మోగింది. పైవాళ్లు. నీళ్లు కట్ట మీది ఎర్రగీత దాకా వచ్చాయి. ఆయన గేటు మీటల దగ్గరికి వెళ్లాడు.

"సారూ, ఆగుండ్రి."

"ఆగితే కట్ట తెగుతది. కట్ట తెగితే ఒక్క రేవు గాదు, కిందున్న ఊర్లన్ని పోతయి."

"మా అవ్వ వాగు నడుమ ఉన్నది సార్."

నరహరి చెడ్డవాడు కాదు. మీట మీద చేయి వేసి, ఎత్తకుండా నిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. తీయలేదు.

స్వరూప తెర వైపు తిరిగింది. ఈసారి రంగులు కాదు, వరసలు చదివింది. మొదట ఇచ్చినవి నాలుగు, మోగినవి మూడు. తర్వాత ఇచ్చింది ఒకటి, నాకు అందింది సున్నా. కామాలు పెట్టినప్పుడు కూడా తప్పు పట్టింది రెండో పేరులోనే. పాడైంది మొగిలిరేవు సైరనా, లేక ముందు నిలబడిన ప్రతిదీ పోతోందా? తేలాలంటే వరస మార్చాలి. మోగుతుందని తెలిసిన కోటగడ్డను ముందు పెట్టింది. మొగిలిరేవును వెనక పెట్టింది. ఎంటర్ కొట్టింది.

కోటగడ్డను పక్కన పెట్టాను. మొగిలిరేవును మింగాను.

ఇంకా తెగని ఫోన్ స్పీకర్‌లోంచి సైరన్ మోత గదినంతా నింపేసింది. ఆ మోతలో రాజవ్వ ఎవరినో ముండాకొడకా అని తిడుతోంది, ట్రాక్టర్ వదిలి ఉరకమంటోంది. ఆ తిట్లు వింటూ స్వరూప టేబుల్ అంచు పట్టుకుని ఏడ్చింది.

మరో అరగంట ఇవ్వడం నరహరి వల్ల కాలేదు. ఇవ్వగలిగినంత ఇచ్చాడు. తర్వాత ఒక్క గేటునే, అదీ జానెడే ఎత్తాడు. కాసేపటికి ఇంకో జానెడు. నీళ్లు మొగిలిరేవు చేరేసరికి మనుషులు ఒడ్డెక్కారు, గొర్రెలూ ఎక్కాయి. ఇసుకలో కూరుకున్న ఒక ట్రాక్టరు, రాజవ్వ పుచ్చతోట వాగు పాలయ్యాయి.

పొద్దుగూకే వేళకు రాజవ్వ గేట్ల గదికి వచ్చింది. మోకాళ్ల దాకా తడిసిన చీర, చెప్పుల్లేని కాళ్లు. కుర్చీలో ఉన్న కూతురి నెత్తి మీద చేయి వేసింది.

"నీ సైరన్ మంచిగనే మొత్తుకున్నది బిడ్డా. కాయలకే కాళ్లు లేకపాయె."

ఆ తర్వాత లింగమూర్తి ఫోన్ చేశాడు. వెనక పెళ్లి బ్యాండు. స్వరూప జరిగిందంతా చెప్పింది. ఆయన అంతా విని, శ్రీ కొట్టినవా అని అడిగాడు. ఏం శ్రీ కాకా అంది ఆమె.

"శ్రీ అనకుంట ఎట్ల షురువు జేస్తరు బిడ్డా" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు.

మర్నాడు స్వరూప నన్ను తెరిచి మొదటినుంచి చివరిదాకా చదివింది. రాసిన మనిషి తర్వాత నన్ను చదివిన మొదటి మనిషి ఆమే. నాజియా చేర్చిన వరస తీసేసింది. మోగని సైరన్ల పేర్లు కూడా తెర మీద చెప్పేలా నాకు కొత్త మాటలు నేర్పింది. పైకి రిపోర్టు వెళ్లింది. నాలుగు సైరన్లూ మోగాయి, ప్రాణనష్టం లేదు అని. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు, నా 'సక్సెస్'లాగే. రాజవ్వ తోట ఊసు ఎక్కడా లేదు. లింగమూర్తి వచ్చాక నాతో పేచీ పెట్టుకోలేదు. పసుపు రాసిన చిన్న కాగితం మీద శ్రీ రాసి మానిటర్ పైన అంటించాడు. రిటైరయ్యేదాకా ముందు దాన్ని వేలితో తాకి, తర్వాతే కీబోర్డు ముట్టుకునేవాడు.

ఇప్పుడు నా స్థానంలో గోడంత తెర వచ్చింది. వేలితో ఒక్కసారి తాకితే చాలు, అన్నీ మోగుతాయి. నన్ను 'పాతవి' అనే ఫోల్డరులోకి జరిపారు. పిలిచేవాళ్లు లేరు. బాధ లేదు, నిజంగానే అలసిపోయాను. గదిలో మాటలు మాత్రం వింటుంటాను.

గేట్లు ఎత్తే రోజున కొత్త తెర మీద నాలుగు పచ్చదీపాలు వెలుగుతాయి. కొత్త ఏఈ వాటిని చూసి మీటల వైపు నడుస్తాడు. స్వరూప కదలదు. ఫోన్ తీసి ఒక్కో రేవులో ఒకరికి కలుపుతుంది. మిషిన్ చెప్తున్నది గదమ్మా, మళ్లీ ఈ ఫోన్లెందుకని ఆయన విసుక్కుంటాడు. ఆమె తర్వాతి నంబరు కలుపుతుంది. ఫోన్‌లో అడిగేది ఒక్కటే.

"వినవడ్తున్నదా?"

నాలుగు చోట్ల నాలుగు గొంతులు ఆఁ అనేదాకా గేటు కదలదు.