బెదరని చేపలు

నేను ఒక విసురు వలను. కొల్లేటి అంచున ఒక లంకలో పుట్టాను. నాంచారమ్మ అనే ముసలామె, చూపు మందగించినా, వేళ్లతో తడుముకుంటూనే నా ముడులన్నీ వేసింది. అంచు చుట్టూ సీసపు గుళ్లు కట్టి నన్ను కొడుకు గవరయ్య భుజాన వేసింది.

"ఇది చేపతో పందెం ఏసేదిరా. గెలిస్తేనే తెచ్చుకో" అంది.

ఆ పందెంలో మేం ఓడిన రోజులే ఎక్కువ. గవరయ్య నీడ నీటి మీద పడితే చాలు, కొర్రమీను బురదలోకి దూరేది. దాని పిల్లలు ఎర్రగా గుంపుకట్టి పైకి తేలితే, తల్లి కింద కాపలా ఉండేది. నేను పడితే పారిపోయేది కాదు, నా మీదికే దూకి ముడులు తెంపేది. ఆ చిరుగులు కుట్టుకుంటూ గవరయ్య దాన్నే మెచ్చుకునేవాడు. మనుషులు తమను ఓడించినదాన్ని మెచ్చుకోగలరని అప్పుడే తెలిసింది.

ఒక ఏడు వరిచేలకు పైరు రసం పీల్చే దోమ తగిలింది. రైతులు వారం వారం మందు కొట్టారు. ఆ నీరు మురుగుకాలువ వెంట మా మడుగులోకి దిగింది. నీళ్ల రంగు మారలేదు. ఒక్క చేపా చచ్చి తేలలేదు. కానీ నేను మీద పడుతున్నా చేపలు కదలలేదు.

గవరయ్య భార్య పేరు పెద్దింట్లు. నిండిన గంప చూసి ఆమె మురిసిపోయింది. అతను మాత్రం నవ్వలేదు.

"ఇయ్యి బెదరట్లేదే."

"బెదరకపోతే మనకి మంచిదేగా?"

"బెదరని సేప బతకదే, పెద్దింట్లూ."

అన్నట్టే అయింది. తల్లి కొర్రమీను పిల్లల్ని వదిలేసి ఒక్కచోటే గిరగిరా తిరుగుతుంటే, కొంగలు తీరిగ్గా ఆ పిల్లల్ని ఏరుకుతిన్నాయి.

గవరయ్య నన్ను భుజాన వేసుకునే మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లాడు.

"ఎన్ని చేపలు చచ్చాయి?" అని అడిగాడు అధికారి.

"సావలేదండి. మతి తప్పాయండి."

ఆయన కలానికి మూత పెట్టేశాడు. "చావకపోతే ఏమని రాసుకోనయ్యా?"

రాసుకోవడానికి శవాలు కావాలని మాకు తెలియదు.

తర్వాత చేపల సంగతి విని సువర్చల అనే కాలేజీ మేడం వచ్చింది. బేసిన్‌లో చేపల్ని వదిలి, పైన చెయ్యి ఆడించింది. ఒక్కటీ ఉలిక్కిపడలేదు. నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లి, పదిరోజులకు మళ్లీ వచ్చింది.

"మందు కొంచెమే ఉంది బాబాయ్, చంపేంత లేదు. కానీ నరాల మధ్య కబురు గందరగోళమైపోతోంది. ప్రమాదం ఎదురుగా ఉన్నా వాటి ఒంటికి తెలియట్లేదు."

"మందు ఆగితే తేరుకుంటాయామ్మా?"

"కొన్ని తేరుకోవచ్చు. ఆగాలి కదా" అంటూ ఆమె తల దించుకుంది.

ఆగలేదు. మరుసటి ఏడు నేను ఎన్నిసార్లు పడ్డా నాచుతోనే లేచాను. ఇంట్లో పొయ్యి వెలగని రోజులొచ్చాయి. గవరయ్య కూలికి ఒప్పుకున్నాడు. వీపున డబ్బా తగిలించుకుని, కాలువ పైనున్న ఆ చేలకే మందు కొట్టడానికి బయల్దేరాడు.

పెద్దింట్లు దారికి అడ్డంగా నిలబడింది. "ఆ నీళ్లు మన మడుగులోకేగా దిగేది!"

"తెలుసే. అన్నం ఎక్కణ్ణించి తేను?"

ఆ పంటకాలం అయ్యేసరికి అతని చేతులు వణకడం మొదలైంది. ఒక ఉదయం మళ్లీ నన్ను తీసుకుని మోకాలి లోతు నీళ్లలో దిగి విసిరాడు. నేను విచ్చుకోలేదు. అతని కాళ్ల దగ్గరే ముద్దగా పడ్డాను. పక్కనే ఒక కొర్రమీను కదలకుండా నిలబడి ఉంది. చేత్తో ఎత్తినా గింజుకోలేదు. గవరయ్య దాన్ని మళ్లీ నీటిలో వదిలాడు.

"పోవే... పో!"

అది పోలేదు. అరచేత్తో నీళ్లను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అరిచాడు, తిట్టాడు, ఏడ్చాడు. పెద్దింట్లు పరుగున వచ్చి అతణ్ణి గట్టుకు లాక్కెళ్లేదాకా అది అక్కడే ఉంది.

నన్ను తీయడం ఇద్దరూ మరిచారు. ఆ బురదలోనే ఉన్నాను. ఎప్పుడైనా ఒక చేప వచ్చి నా అల్లిక కన్నుల్లో తల పెడుతుంది. వెనక్కి లాక్కోవాలని దానికి తోచదు. వదలడం నాకు చేతకాదు.