రెండో చప్పుడు

అరుగు మీద చింతగింజలు పోసుకుని కూర్చున్న ముసలమ్మను చూస్తే, పొద్దుపోక ఏదో ఆట ఆడుకుంటోందని ఎవరైనా అనుకుంటారు. అసిరమ్మ ఆడుకోవడం లేదు. ఆమె చెవి కొండ వైపు ఉంది. అక్కడ ‘ధబ్’ మన్నప్పుడు ఒక గింజ ఎడమ పక్క పెడుతుంది. కాసేపటికి ‘ధడేల్’ మని రెండో చప్పుడు వస్తే ఒక గింజ కుడి పక్క పెడుతుంది. మొదటిది గుండు బయలుదేరిన చప్పుడు. రెండోది అది పడి పేలిన చప్పుడు.

తగరపువలసకు పడమట, కొండవార ఉన్న ఆ ఊరికి సైన్యం కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లదొరల పటాలం గుండ్లు పేల్చడం నేర్చుకోవడానికి ఊరి మెరక భూములు తీసుకుంది. దొరలు వెళ్లిపోయినా గుండ్లబయలు అలాగే ఉండిపోయింది. ఏడాదికి మూడు నాలుగుసార్లు మన జవాన్లు లారీల్లో వస్తారు. కొండ మీద ఎర్రజెండా ఎగిరితే ఊరివాళ్లు లోపలికి పోకూడదు. జెండా దిగితే గేదెలు మేపుకోవచ్చు, పుల్లలు ఏరుకోవచ్చు. ఊరికి మరో మేతబయలు లేదు. దేశానికి జవాన్లు కావాలి, జవాన్లకు నేర్పు కావాలి. ఈ మాట ఆ ఊళ్లో ఎవరూ కాదనలేదు.

డెబ్బై మూడులో, జెండా దిగిన మర్నాడు, అసిరమ్మ పెనిమిటి అక్కడ సరుగుడు మోడు తవ్వుతుంటే పలుగు కింద పేలని గుండు పేలింది. బయలంతా వెతికి చూశామని కాగితం మీద అప్పటికే సంతకాలు అయిపోయాయి. ఆ కాగితాన్ని నమ్మడం మానేసి అసిరమ్మ గింజలు పట్టింది. తొమ్మిదేళ్లుగా రెండు పక్కలూ సరిపోతూనే వచ్చాయి. ఊరు నవ్వుతూనే వచ్చింది.

ఎనభై రెండు మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కాల్పులు ఆగేసరికి ఎడమ పక్క నలభై ఒకటి, కుడి పక్క నలభై. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. సాయంత్రం నాలుగింటికి జెండా దిగింది.

కోడలు తాయారు పలుగు భుజాన వేసుకుని గుమ్మం దాటింది.

“ఓలె, ఎల్లకే. ఒకటి పేల్లేదు.”

“ఏటత్తా, జెండా దింపీసినారు కదా. మొన్న సగం తవ్వీసిన మోడు అలాగుంది. నీ గింజలెట్టి పొయ్యి మండించమంతావేటి?”

“మీ మావ కూడా జెండా జూసే ఎల్లేడు.”

తాయారు పలుగు దించింది. “నాను మానేత్తాను. ఊరు మానుద్దా మరి?”

వీధిలో గేదెలు అప్పటికే బయలుదేరుతున్నాయి. అసిరమ్మ గింజలను కొంగులో రెండు ముడులుగా కట్టుకుని గుండ్లబయలు గేటు దగ్గరికి నడిచింది. అక్కడ కాపలా గురునాథరావు ఆమె అక్క కొడుకు. ఓడరేవులో పనిచేసి నాలుగు ముక్కలు హిందీ నేర్చినవాడు. పక్కనే ఉత్తరాది సుబేదారు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

“ఏటి పిన్నీ, ఆటకి జత దొరకలేదేటి?”

“ఒకటి పేల్లేదని ఆయనతో సెప్పు.”

గురునాథరావు హిందీలో ఏదో చెప్పాడు. సుబేదారు జాలిగా నవ్వి, ముసలమ్మకు టీ ఇమ్మన్నాడు.

“ఏటి సెప్పేవురా?”

“నువ్వు సెప్పిందే సెప్పేను.”

“నాను సెప్పింది ఇంటే ఎవులూ నవ్వరు.”

అతను చెప్పింది ఒక్కటే: మొగుడు పోయాక ఈమెకు మతి చలించింది, పట్టించుకోకండి.

అసిరమ్మ సుబేదారు ఎదుట నేల మీద కూర్చుని ముడులు విప్పింది. ఎడమ ముడిలోంచి ఒక గింజ తీసి పెట్టి “ధబ్” అంది. కొండ వైపు చూస్తూ ఆగింది. కుడి ముడిలోంచి ఒకటి తీసి దాని పక్కన పెట్టి “ధడేల్” అంది. మూడో జతకు సుబేదారు నవ్వు ఆగిపోయింది. పదో జతకు కుర్చీ దిగి ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఆఖరి గింజకు “ధబ్” అని, ఆమె కొండ వైపు చూస్తూ ఉండిపోయింది. కుడి ముడిలో ఏమీ లేదు.

సుబేదారు రిజిస్టరు తెప్పించాడు. కాల్చినవి నలభై ఒకటి. పేలనివి ఎన్నో రాయవలసిన గడిలో సున్నా చుట్టి ఉంది. అది కాల్పులు మొదలవకముందే చుట్టిన సున్నా.

జెండా మళ్లీ ఎగిరింది. గేదెలను వెనక్కి తోలారు. మర్నాడు పొద్దున్నే జవాన్లు వరసగా, మనిషికీ మనిషికీ బారెడు ఎడంగా నడిచి వెతికారు. తాయారు సగం తవ్విన మోడు పక్కనే, ఇసకలో కూరుకుపోయి, తోక రెక్క మాత్రమే పైకి కనిపిస్తూ గుండు దొరికింది. అక్కడే దాన్ని పేల్చేశారు. ఆ చప్పుడుకు అసిరమ్మ ఒక గింజ తీసి కుడి పక్క పెట్టింది.

ఆ రోజు గేటు దగ్గర సుబేదారు జవాన్లనూ ఊరివాళ్లనూ పిలిచి మాట్లాడాడు. ఈసారి గురునాథరావు ఒక్క మాట కూడా వదలకుండా తెలుగులో చెప్పాడు. “కాల్చిన గుండ్లు మేం రాసుకున్నాం. పేలిన గుండ్లు ఈ అమ్మ లెక్కపెట్టింది. ఇకమీదట ఈమె సరేనన్నాకే జెండా దిగుతుంది. కాగితం మీద ఈమె సంతకం కూడా ఉంటుంది.”

చెప్పి గురునాథరావు తల వంచుకున్నాడు. “పిన్నీ, తప్పయిపోనాది. అయినా నీకు సంతకం రాదు కదే?”

“ఏలుంది కదరా,” అని అసిరమ్మ బొటనవేలు చూపించింది.

చదువరులారా, ఒక నేల భద్రమని చెప్పే కాగితం మీద మొదట పడవలసింది ఆ నేల మీద నడిచేవాళ్ల వేలిముద్ర.