కొంగలూ తాబేళ్లూ

మా అమ్మమ్మ ఒనో అనే ఊళ్లో పిల్లలకి పూసల చట్రం మీద లెక్కలు నేర్పేది. ఆ బడిలో నన్ను మించినవాళ్లు లేరు. అప్పటికి నాకు పదకొండేళ్లు. కళ్లు మూసుకుంటే చాలు, పూసలు కదిలేవి, జవాబు వచ్చేసేది. తొమ్మిదేళ్ల మా చెల్లి మినోరికి మాత్రం చట్రం ముట్టుకుంటే చెమటలు.

"మొద్దు" అనేదాన్ని. అది నవ్వేసేది.

ఓ వేసవి మధ్యాహ్నం అమ్మమ్మ కొత్తరకం లెక్క ఇచ్చింది. కొంగలూ తాబేళ్లూ కలిపి తలలు పన్నెండు, కాళ్లు ముప్పైనాలుగు. ఏవి ఎన్ని?

నేనింకా ఒక్కో అంకె వేసి చూస్తూ తడుముకుంటున్నాను.

"తాబేళ్లు ఐదు!" అంది మినోరి.

కాగితం నిండా పన్నెండు సున్నాలు గీసుకుంది. "ముందు అన్నింటికీ రెండేసి కాళ్లు పెట్టేశా, అమ్మమ్మా. పది మిగిలాయి. అవి రెండేసి చొప్పున ఐదింటికి తగిలించా."

"ఓసి నా తల్లీ!" అని అమ్మమ్మ దాని బుగ్గలు పుణికింది. నన్నెప్పుడూ అలా పుణకలేదు.

గదిలోకెళ్లి నేనూ బొమ్మలు గీసి చూశాను. కొంగ రాలేదు, తాబేలూ రాలేదు. ఎంత గీసినా పూసలే.

ఆకులు ఎర్రబడే రోజుల్లో ఊళ్లో లెక్కల పోటీ పెట్టారు. పోటీ గది గుమ్మం దగ్గర మినోరి చెవిలో చెప్పాను: "కాగితం మీద బొమ్మలు గీస్తే సున్నా వేస్తారే."

"నిజంగానా అక్కా?"

"నీ ఇష్టం మరి."

అది గంటసేపు పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. తెల్ల కాగితమే ఇచ్చి వచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మమ్మ అడిగింది. "ఎందుకే గీయలేదు?"

"అక్క వద్దంది."

అమ్మమ్మ నావైపు తిరిగింది. "నీ తలలో పూసలు తీసేసి లెక్క చెయ్యమంటే చేస్తావా, చిగుసా?"

"అందరూ దాన్నే ముద్దు చేస్తున్నారు!" అని అరిచాను. తరవాత ఏడుపు ఆగలేదు.

మినోరికి తప్పయిపోయిందని చెప్పాను. అయినా అది వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు పోటీలో అది కావలసినన్ని బొమ్మలు గీసింది. మొదటి బహుమతి దానికే వచ్చింది. నాది నాలుగో స్థానం. చప్పట్లు కొట్టాను. సంతోషించానంటే మాత్రం అబద్ధమే.