హిమబిందు దిగులు

మైదుకూరులో పసుపు వ్యాపారం చేసే కేశవయ్యకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది రమ్యశ్రీ, చిన్నది హిమబిందు. హిమబిందుది పుట్టుకతోనే వేరే తీరు. మనిషి ముఖంలోకి చూడదు. ఎవరైనా ముట్టుకుంటే ఓర్చుకోలేదు. మాట ఎప్పుడో ఒకటీ అరా. పెళ్లీడు వచ్చినా ఆ పిల్లకు మందులూ తాయెత్తులూ ఆగలేదు.

2006 వేసవిలో రమ్యశ్రీకి పెళ్లి చేసి ఆత్మకూరు పంపారు. అప్పగింతలప్పుడు అందరూ ఏడ్చారు. హిమబిందు మాత్రం పందిట్లో రాలిన బంతి రేకులు ఏరుకుంటూ కూర్చుంది.

"అక్క పోతాందని కూడా తెలీదు దీనికి, పాపం," అంది మేనత్త.

ఆ తర్వాత హిమబిందు అన్నం సరిగా ముట్టలేదు. అక్క పరుపు ఎత్తబోతే పెద్దగా అరిచింది. పగలంతా వీధి గుమ్మంలో నిలబడి ముందుకూ వెనక్కూ ఊగేది. ఆటో చప్పుడు వినిపిస్తే ఊగడం ఆపేది. అది ఇల్లు దాటిపోగానే మళ్లీ మొదలుపెట్టేది.

జబ్బు ముదిరిందన్నారు ఇంట్లోవాళ్లు. కేశవయ్య కూతుర్ని బస్సులో కర్నూలు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ అంతా విన్నది.

"ఈ అమ్మాయి మనలా మాట్లాడకపోవడం జబ్బు కాదండీ. మనుషుల్లో ఈ తీరు వాళ్లూ ఉంటారు. అది సరే, అన్నం ఎప్పుడు మానేసింది?"

"పెద్దదాన్ని అత్తగారింటికి పంపినప్పటి నుంచి..."

చెబుతూ చెబుతూ కేశవయ్య కూతురి వైపు తిరిగాడు.

బయట వరండాలో కూతురి పక్కన కూర్చున్నాడు.

"బిందూ, అక్కను చూడల్లనా?"

హిమబిందు లేచి గేటు దాకా నడిచింది. తండ్రి వచ్చేదాకా అక్కడే ఆగింది.

కర్నూలు నుంచే రమ్యశ్రీకి ఫోను చేసి చెప్పి, సాయంత్రానికి ఆత్మకూరు చేరారు. రమ్యశ్రీ పరుగున ఎదురొచ్చి, చెల్లెలి దగ్గరికి రాగానే చేతులు వెనక్కి తీసుకుంది. అటు తిరిగి అరుగు మీద కూర్చుంది. హిమబిందు వచ్చి అక్క వీపుకు తన వీపు ఆనించి కూర్చుని, కళ్లు మూసుకుంది.

"మిద్దె మీద ఎప్పుడూ ఇట్లనే కూచుంటాంటిమి నాయనా. ఈడికొచ్చినాక నాకు వీపంతా చల్లగా ఉన్నట్టుంటాది," అంది రమ్యశ్రీ కళ్లు తుడుచుకుంటూ. "డాక్టరు ఏం మందులిచ్చినారు?"

"మందెందుకమ్మా? నీ మాదిరే దిగులు పెట్టుకునింది. నాకే తెలీలేదు."

ఆ పూట హిమబిందు అక్క కలిపిన పెరుగన్నం తిన్నది.

నాలుగు రోజులుండి తిరుగు ప్రయాణమయ్యారు. బస్సు కదలగానే హిమబిందు గొంతెత్తి అరవసాగింది. బస్సులో అందరూ తిరిగి చూశారు. కండక్టరు దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, పాపకు బాగల్యాదా?"

"బాగానే ఉండాదప్పా," అన్నాడు కేశవయ్య. "అక్కను ఇడ్సిపెట్టి వస్తాండాది."